పాత మూత కింద కొత్త రాకర్లు

రావులపాలెం షెడ్డులో మేస్త్రి పాత జీపు ఇంజనులో వాల్వుల్ని తొక్కే కొత్త రోలర్ రాకర్ల మీద చపాతీ పిండి ముద్దలు అతికించాడు. వాటి పైమూత బిగించి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ విప్పాడు. జీపు యజమాని వంగి తొంగి చూశాడు.

“ఇక్కడ పిండి నలిగిపోయిందండి. ఈ రాకర్లు పాతవాటికన్నా ఎత్తు, మూతకి తగులుతాయి. ఎత్తు మూత తెప్పిద్దామాండీ?”

“వద్దయ్యా! ఏటా దసరాకి మా ఆవిడ ఈ మూతకే బొట్టు పెడుతుంది. మారిస్తే ఇట్టే పట్టేస్తుంది.”

“రాకర్లు మారుస్తున్నట్టు చెప్పలేదాండీ?”

“బాగున్న బండిని కెలకొద్దంది.”

“మరెందుకు కెలికేరండీ?”

“ఈ వయసులో నాకంటూ ఒక్క రహస్యమైనా ఉండాలనిపించిందయ్యా.”

“ఆయ్. అయితే మూత కింద రెండు గ్యాస్కెట్లేసి లేపుతానండి. పైకేం తెలీదు.”

“అమ్మయ్య! ఆవిడకి తెలీకపోతే చాలు.”

“అమ్మగారికి తెలుసండి. పొద్దున్నే ఫోన్ చేసేరు. మూత మాత్రం మార్చొద్దన్నారు. తనకి తెలుసన్న సంగతి మీకు చెప్పొద్దన్నారండి.”

ఆయనకు ముందు ఉక్రోషం వచ్చింది. ఆ వెనకే, ఒంటరిగా మోస్తున్న బరువుకు రెండో భుజం దొరికినట్టు హాయిగా అనిపించింది.

“నువ్వు నాకేం చెప్పలేదు. బిగించు.”