ఎడమ పక్క కుర్చీ

ఏమీ లేదా? బాగా చూశావా తమ్ముడూ? నాలుగంతస్తులు ఎక్కి వచ్చి, ఇంత పెట్టెకి మూత విప్పి, గంటసేపు దాని కడుపులోకి టార్చి వేసి చూసి, చివరికి "ఏమీ లేదమ్మా" అంటే ఎలా? వచ్చాక ఆయనకేం చెప్పమంటావు?

అబ్బే, నీ మీద కోపం కాదులే. కూర్చో. అయ్యో, ఆ కుర్చీలో కాదు! అది ఆయనది. దాన్ని ఇంత జరిపినా ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇటు, ఎడమ పక్కన గోడ వార కుర్చీ ఉంది చూడు, అందులో కూర్చో. అది నాది.

ఆయన ఇప్పుడప్పుడే రాడు. వైరు కొనడానికి వెళ్ళాడు. అక్కడ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, కొట్టువాడికి నాలుగు చీవాట్లు పెట్టి, వచ్చేసరికి అరగంట పడుతుంది.

సెట్టులో లోపమేమీ లేదని నాకు తెలుసులే. నీకంటే ముందే తెలుసు.

మా ఆయన ఏం పని చేస్తాడో నీకు చెప్పారా మీ ఆఫీసులో? సినిమా హాళ్ళలో సౌండు సరిచేస్తాడు. కొత్త హాలు తెరిచేముందు ఈయన వెళ్ళి, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, కళ్ళు మూసుకుని విని, "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" అంటేనే టిక్కెట్లు అమ్ముతారు. లైనులో అందరూ ఈయన్ని "చెవిగారు" అంటారు. చెవిగారొచ్చారా, చెవిగారు భోంచేశారా! నేను చెవిగారి భార్యని. మిగతా ఒళ్ళంతా ఎవరికీ అక్కర్లేదు, నాకు తప్ప.

ఇంట్లో నా పేరేంటో తెలుసా? రేకుడబ్బా.

నవ్వు, పరవాలేదు. అందరూ నవ్వుతారు. పెళ్ళైన కొత్తలో వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తున్నాను. హాల్లో ఆయన స్నేహితులున్నారు. "ఎవరండీ లోపల రేకుడబ్బా దొర్లిస్తోంది?" అన్నాడు. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను, చేతిలో ట్రే ఉంది, ట్రేలో ఆరు కప్పులున్నాయి.

అదైతే మర్చిపోదును తమ్ముడూ, నిజంగా మర్చిపోదును.

అమ్మాయి పుట్టింది. ఆర్నెల్లది. జోకొడుతూ ఏదో పాడుతున్నాను. తల్లి పాడుతుందిగా, ఏ తల్లైనా పాడుతుందిగా? ఆయన వచ్చి పిల్లని నా చేతుల్లోంచి తీసుకున్నాడు. "దానికి నా చెవులొచ్చాయి. నీ గొంతుతో పాడుచెయ్యకు" అన్నాడు. తమాషాకి కాదు, నిజంగానే. ఆ రోజు నుంచి ఉయ్యాల పక్కన టేపురికార్డరు పెట్టాడు. ఎవరో పాడేవారు, నా పిల్ల నిద్రపోయేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఇరవయ్యారేళ్ళు దానికిప్పుడు. అమ్మ గొంతులో ఒక్క పాట వినలేదు.

ఆఁ, సెట్టు సంగతి చెబుతున్నాను కదూ. వస్తున్నా.

నాలుగు నెలల కిందట మొదటిది వచ్చింది. హోమ్ థియేటర్ రిసీవర్! దూడంత పెట్టె. చుట్టూ ఏడు స్పీకర్లు, మూల ఇంకో గుండ్రాయి లాంటిది. దాంతోపాటు ఒక చిన్న మైకు ఇస్తారు కదా, మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి గదిని కొలవడానికి? నీకు చెప్పాలా, నువ్వు చేసే పనే అది. ఆ మైకుని ఒక్కో చోట పెడితే స్పీకర్లు ఒకదాని తర్వాత ఒకటి "కుయ్" మంటాయి, పెట్టె లెక్క కట్టుకుంటుంది. అప్పుడు చీమ చిటుక్కుమనకూడదట.

నన్ను బయటికి పొమ్మన్నాడు. "నేను మాట్లాడనుగా" అన్నాను. "నువ్వు ఊపిరి పీలుస్తావుగా" అన్నాడు.

మెట్ల మీద నిలబడ్డాను తమ్ముడూ, ఇంట్లో వేసుకునే చెప్పులతో. పైవాటా ఆవిడ దిగుతూ "ఏంటక్కా బయటున్నావు?" అంది. తాళం చెవి పోయిందన్నాను. ఆవిడ మళ్ళీ ఎక్కి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాను. ఈసారి ఏమీ అడగలేదు. జాలిపడింది.

తలుపు తీశాక చూశాను. ఎనిమిది చోట్ల కొలవాలిట. ఎనిమిదీ ఆయన కుర్చీ చుట్టూనే కొలిచాడు. తల దగ్గర, భుజం దగ్గర, ఒక జానెడు ముందు, ఒక జానెడు వెనక. నా కుర్చీ ఆ ఎనిమిదింట్లో లేదు. "మరి నాకు?" అన్నాను. "నీకెందుకు, రేకు చెవికి ఏదైనా ఒకటే" అన్నాడు.

సరే. ఒకటే.

అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు నా ఫోనులో ఏదో ఎక్కించింది. "ఫోనొస్తే నాన్నని బతిమాలక్కర్లేదమ్మా, నువ్వే సెట్టు సౌండు తగ్గించుకో" అంది. మంచి పిల్ల. అందులో ఒక్కో స్పీకరుకీ ఒక గీత ఉంది, గీత మీద చుక్క. ఒక సాయంత్రం వేలు తగిలి ఎడమ స్పీకరు చుక్క ఒక్క పిసరు కిందికి దిగింది.

ఆయన తల తిప్పాడు! ఒక్క పిసరుకే! నాకు తేడా తెలియనే లేదు. ఆయన లేచి నిలబడి "ఎడమది తగ్గింది. ఆ స్పీకరు జరిపావా?" అన్నాడు. లేదన్నాను, నిజమే కదా. రిమోటు అందుకుని సెట్టింగు తెరిచేలోపు చుక్కని మళ్ళీ పైకి నెట్టేశాను. తెరమీద చూస్తే సున్నా. ఆయన మొహం చూడాలి తమ్ముడూ. ఎప్పుడూ తప్పని లెక్క తప్పిన మాస్టారిలా అయిపోయాడు.

ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఇంక చూస్కో. రోజూ కొంచెం. ఆయన కూర్చున్నాక దించడం, లేచాక ఎత్తడం. కొంగు కింద ఫోను. ఏమీ తెలియనట్టు చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చునేదాన్ని. వైర్లు మార్చాడు. ఎడమ స్పీకరుని కుడికి, కుడిదాన్ని ఎడమకి మార్చాడు. అయినా ఎడమే తక్కువ. షాపువాడితో పోట్లాడి సెట్టే మార్పించాడు. కొత్తదాంట్లోనూ ఎడమే తక్కువ! ఇంటర్నెట్లో ఈ సెట్టు కొన్నవాళ్ళందరికీ ఒక గుంపు ఉంది చూడు, ఎవరి అనుభవం వాళ్ళు రాసుకుంటారు. అందులో ఇంత పొడుగున రాశాడు. మర్నాటికి పదిమంది "మాకూ అంతే, మాకూ ఎడమ పక్కే" అని రాశారు. పదిమంది! పది ఇళ్ళలో నేను వేలు పెట్టలేదు కదా?

ఒకరోజు ఆయనకో ఆలోచన వచ్చింది. తెలివైనవాడే, కాదనను. కుర్చీ తిప్పి తెరకి వీపు పెట్టి కూర్చున్నాడు. అంటే ఎడమ స్పీకరు కుడిచెవి వైపుకి వచ్చింది. ఇప్పుడు కుడిచెవికి తక్కువ వినిపిస్తే తప్పు సెట్టుది. ఇంకా ఎడమ చెవికే తక్కువైతే...

చుక్కలు మార్చేశాను. ఎడమది పైకి, కుడిది కిందికి. చిక్కుడుకాయ ఒలిచినంత సేపు పట్టలేదు.

ఆయన చెయ్యి మెల్లిగా లేచి ఎడమ చెవి మీదికి వెళ్ళింది. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చిన్నపిల్లాడు జనంలో తప్పిపోతే చూస్తాడే, అలా.

ఆపొచ్చు. అప్పుడే ఆపొచ్చు. ఆపలేదు.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఈ వయసులో ఇలాంటి చెవులు తను చూడలేదన్నాడు. ఆ కాగితం చేతికి రాగానే ఆయన మళ్ళీ చెవిగారైపోయాడు. అయితే దొంగది సెట్టే! డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. "ఎప్పుడైనా పొద్దున్న లేచేసరికి ఒక చెవి దూది పెట్టినట్టు మూసుకుపోయి ఈల వినిపిస్తే ఆలస్యం చెయ్యకండి, పరిగెత్తుకు రండి. మొదటి వారంలో అయితే మందుంది. రెండు వారాలు దాటితే నేను చెయ్యగలిగింది ఉండదు" అన్నాడు. ఆయన కాగితం చూసుకుని మురిసిపోతున్నాడు. విన్నది నేను. రేకు చెవితో.

ఏంటా చూపు? ఇంకా అయిపోలేదు.

పదమూడు రోజుల కిందట ఒక సాయంత్రం ఆయన నా వైపు తిరిగి "నీకెలా వినిపిస్తోంది?" అన్నాడు. నన్ను! ముప్పై ఏళ్ళలో నా చెవిని ఒక మాట అడగడం అదే మొదటిసారి. "బాగానే ఉందండీ" అన్నాను. చుక్కలన్నీ సున్నాకి తెచ్చి, ఫోనులోంచి దాన్ని పూర్తిగా తీసి పారేశాను. చాల్లే అనుకున్నాను. మనిషే కదా, ఏడిపించింది చాలు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మంచం మీద కూర్చుని చెవిలో వేలు తిప్పుకుంటున్నాడు. దూది పెట్టినట్టుందట. ఈల వినిపిస్తోందట. సెట్టు ఆన్ చెయ్యనే లేదు!

డాక్టరు మాటలే గుర్తొచ్చాయి. ఒట్టు. "ఏవండీ, డాక్టరు చెప్పాడు కదా..." అని నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "నోరు మూసుకో. అసలే చెవి గోల పెడుతోంది, మధ్యలో నీ రేకు గొంతొకటి" అన్నాడు.

మూసుకున్నాను.

డాక్టరు బాగుందన్నాక ఆయన మళ్ళీ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళతాడు? ఎడమ పక్క తక్కువ వినిపించడం కొత్తా? ఆ గుంపులోవాళ్ళని అడిగాడు. ఒకడు సాఫ్ట్‌వేర్ మార్చమన్నాడు, మార్చాడు. ఒకడు వైరు మార్చమన్నాడు, దానికే వెళ్ళాడు. ఒకడు కంపెనీ మనిషిని పిలిపించమన్నాడు. నువ్వొచ్చావు.

అవును, పన్నెండు రోజులు. నాకూ లెక్క వచ్చు. ఇవాళ పన్నెండోది.

కోప్పడకు. నువ్వెవరు కోప్పడడానికి? ఆ సర్వీసు కాగితం రాయి, సంతకం పెడతాను. ఏం రాస్తావు, సెట్టు బాగుందనా? ఒక్క సాయం చెయ్యి. ఎడమ పక్క లోపం ఉంది, లోపలి భాగం ఒకటి తెప్పించాలి, వారం పడుతుంది అని రాయి. నీదేం పోయింది? వారమేగా?

రాయవా? సరే, నిజమే రాయి. అదైనా ఒకటే. చదివి ఏమంటాడో ఇప్పుడే చెబుతాను విను. చెవి బాగుందని డాక్టరు రాసిచ్చాడు, సెట్టు బాగుందని వీడు రాసిచ్చాడు, అయితే కొలిచేటప్పుడు నువ్వే ఎక్కడో ఊపిరి పీల్చి చెడగొట్టావు అంటాడు. మళ్ళీ మైకు తీస్తాడు. మళ్ళీ నన్ను మెట్ల మీదికి పంపుతాడు. ఇంకో రెండు రోజులు గడిచిపోతాయి.

నేను చెప్పలేదని ఎవరన్నారు? చెబుతున్నాను. రోజూ సాయంత్రం సెట్టు హోరులో ఆయన పక్కన ఈ కుర్చీలోనే కూర్చుని, ఆ ఎడమ చెవికి జానెడు దూరంలో చెబుతున్నాను. అంతా నేనే చేశానండీ, సెట్టులో ఏమీ లేదు, ఇప్పుడు మాత్రం నిజంగానే పోతోంది, లేవండి వెళదాం అని. మామూలు గొంతుతోనే చెబుతాను. గొణగను. ఆయన తెర వంకే చూస్తూ ఉంటాడు. ఎప్పుడైనా నా పెదాలు కదలడం కంటబడితే "ఆఁ?" అంటాడు. "కాఫీ చల్లారిపోతోంది" అంటాను.

నిన్న చెప్పడం అయిపోయాక పాడాను కూడా. అమ్మాయికి ఆ రోజు సగంలో ఆగిపోయిన జోల, మొత్తం. ఎంత బాగా వచ్చిందనుకున్నావు! ఆయన ఒక్క మాటైనా అనలేదు.

అదిగో, మెట్లెక్కుతున్నాడు. ఆ అడుగులు నాకు తెలుసు. ముందు ఆ మూత బిగించు.

చెబుతావా? చెప్పు, నేనేం నీ నోరు నొక్కను. కాకపోతే చెప్పేటప్పుడు కుడి పక్కన నిలబడి చెప్పు. ఎడమ పక్క నాది.