స్వరూప గారి రెండో డిస్కు

1994 జూన్ 20న చిక్కడపల్లిలోని మా ప్రచురణ సంస్థలో టైపిస్టుగా చేరిన శ్రీమతి స్వరూప గారు, ముప్పై ఒక్క సంవత్సరాల నిష్కళంక సేవానంతరం కార్యాలయ నిర్వాహకురాలిగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ నాలుగు మాటలు రాసే అవకాశాన్ని నేను అడిగి మరీ పుచ్చుకున్నాను. ఆరేళ్లుగా చెప్పకుండా దాచుకున్న మాట ఒకటి ఉంది.

పోటీ పరీక్షల పుస్తకాలు వేసే మాకు ప్రశ్నల నిధే ప్రాణమని గ్రహించి, కంప్యూటర్లు వచ్చిన నాటి నుంచి దాని రక్షణ భారాన్ని వారే స్వచ్ఛందంగా వహించారు. ఎవరైనా పాస్‌వర్డు కాగితం మీద రాస్తే చింపేసేవారు. మెయిల్‌తో ఫైలు వస్తే, పంపినవారికి ఫోను చేసి అడగనిదే తెరవనిచ్చేవారు కారు. నకళ్లు రెండు డిస్కుల్లో తీసి, ఆఫీసులో ఉండేదాన్ని పని కాగానే ఊడదీసేవారు, రెండోదాన్ని అడిక్‌మెట్‌లోని తమ ఇంటి బీరువాలో దాచేవారు. ఆ చాదస్తానికి మేము చాటుగా నవ్వుకునేవాళ్లం.

2019 ఆయుధపూజ నాడు కంప్యూటరుకూ, దానికి తగిలించి ఉన్న డిస్కుకూ కలిపి బంతిపూల దండ వేసింది నేనే.

"దండ ఉండనీ నాగేందర్, వైరు మాత్రం పీకెయ్యి" అన్నారు వారు.

"పూజల ఉన్నదాన్ని రేపు ఉద్వాసన చెప్పేదాక కదపొద్దక్కా."

"గట్లనా? సరే, ఇంట్ల ఇంకోటి ఉన్నది గద."

డిస్కు కదపడానికి అడ్డొచ్చిన పూజ, మర్నాడు పొద్దున మెయిల్ చూడటానికి మాత్రం నాకు అడ్డురాలేదు. కాగితం సరఫరాదారు పేరిట వచ్చిన ఫైలును, ఫోను చేయకుండానే తెరిచాను. పది నిమిషాల్లో ఫైళ్లన్నీ మూసుకుపోయాయి. దండ కింది డిస్కూ పోయింది. తెర మీద డబ్బు కడితేనే ఫైళ్లు తెరుస్తామన్న బెదిరింపు మిగిలింది. పరీక్షకు పందొమ్మిది రోజులుంది, అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు ఎదురుచూస్తున్న పుస్తకం ఆ ఫైళ్లలోనే ఉంది.

"ఎవరు తెరిచారండీ దీన్ని?" అన్నారు యజమాని జగన్నాథరావు గారు.

"ఎవరన్నది తర్వాత అడుగుండ్రి సార్. ముందు వైర్లు పీకనీయుండ్రి" అంటూ స్వరూప గారు యంత్రాలన్నింటినీ నెట్ నుంచి విడదీసి, ఆటోలో వెళ్లి ఇంటి డిస్కు తెచ్చారు. తొందరలో దాన్ని అదే కంప్యూటరుకు తగిలించబోయాను. వారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇది గూడ పోతే ఇగ ఏం లేదు. జర ఆగు."

మెకానిక్ వచ్చి ఒక కంప్యూటరును పూర్తిగా తుడిచి సిద్ధం చేసేదాకా, మధ్యాహ్నం మూడింటి వరకు, వారు ఆ డిస్కును ఒళ్లో పెట్టుకుని అన్నం కూడా తినకుండా కూర్చున్నారు. ఫైళ్లు తెరుచుకున్నాయి. మూడు రోజుల పని పోయిందంతే, పుస్తకం వేళకు వచ్చింది.

ఆ "తర్వాత" ఇన్నేళ్లలో రాలేదు. వారు రానివ్వలేదు. జగన్నాథరావు గారూ, తెరిచింది నేనే.

స్వరూపక్కా, నిన్న మీరు అప్పగించిన డిస్కు బర్కత్‌పురలోని మా ఇంటి బీరువాలో ఉంది, ఈ వ్యాసం నకలు కూడా అందులోనే ఉంది. ఇకపై సాయంత్రం వైరు పీకారో లేదో అన్న దిగులు నాకు వదిలేసి, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు నిశ్చింతగా ఉండాలి.

— నాగేందర్