ఇంకా కుదరలేదండి

రామచంద్రపురం దగ్గరొక పల్లె. కాలవల మీద పడవలు తిరిగే రోజులు. సాయంత్రం, పంతులుగారి వసారా.

“రెండు కొసలూ తుంచి లాగు నాయనా. చిక్కుడుకాయ ఈనె పంటికి తగిలితే ఆయన ఊరుకోరు.”

“లాగుతున్నానండీ పిన్నిగారూ. పంతులుగారు లేచారాండీ?”

“నువ్వు బడి ముగించుకొచ్చినా ఆయనకి తెల్లారదు. నువ్వీ ఊరొచ్చిన దగ్గర్నుంచీ మా బాగా పడుతోంది నిద్ర.”

“నిద్రేంటే? మెలకువగానే ఉన్నాను. ఒరేయ్ బుల్లియ్యా, ఎక్కాలు అప్పజెప్పించావా?”

“అప్పజెప్పించానండి. గుణింతాలు దిద్దించాను. పెద్దపిల్లల చేత లెక్కలు చేయించాను.”

“అంతా గమనిస్తూనే ఉన్నానురా. పాఠం చెప్పడం నేర్చుకు రమ్మని, పంతుళ్ళని తయారుచేసే ఆ నార్మల్ స్కూలువాళ్ళు నిన్ను నా దగ్గరికి పంపింది అందుకేగా.”

“ఇంట్లో పడుకుని, కళ్ళు మూసుకుని గమనిస్తారు.”

“నువ్వూరుకోవే!”

“పంతులుగారూ, నిన్న బడి చూడ్డానికొచ్చిన ఇనస్పెక్టరుగారు నా సంగతి అడిగారాండీ?”

“అడక్కేం.”

“వీడికి పాఠం చెప్పడం వచ్చిందని మీరొక్క మాటంటే నాకు ఉద్యోగం ఇస్తారండి. మా అమ్మ తణుకులో నలుగురిళ్ళలో వంటలు చేస్తూ, కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోందండి.”

“అనబోయానురా. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అబద్ధమాడలేను కదా. ‘ఇంకా కుదరలేదండి’ అన్నాను.”

“పోయినసారీ అదే అన్నారండి.”

“పోయినసారీ కుదరలేదు మరి!”

“అబ్బాయి వెళ్ళిపోతే బడి మళ్ళీ మీ మెడకి చుట్టుకుంటుందని చెప్పరాదూ?”

“ఊరుకోమన్నానా! వీడి మంచి కోరే చెప్పాను.”

“ఆయనేమన్నారండీ?”

“ఏమంటారు? తలూపి, పడవెక్కి పోయారు.”

“పడవెక్కే లాకుదాకా ఆయన పెట్టె నేనే మోసుకెళ్ళానండి. అక్కడ నాతో ఓ మాటన్నారు.”

“నీతోనా? ఏంటీ?”

“మీకు చెప్పేసి ఉంటారనుకున్నానండి.”

“ఏమన్నారో చెప్పు ముందు.”

“ఏడాదిపాటు దగ్గర పెట్టుకుని ఒక్క ముక్క నేర్పలేకపోయాడంటే, లోపం నేర్చుకునేవాడిది కాదయ్యా అన్నారండి.”

“అంటే?”

“ఒకటో తారీకు నుంచి బడి నాకిచ్చారండి. మిమ్మల్ని... రాజమండ్రి పంపిస్తారటండి. నార్మల్ స్కూల్లో పాఠం చెప్పడం నేర్చుకోవడానికి.”

“రామ రామ! ఈ వయసులోనా? ఏవండీ, విన్నారా? ఏవండీ... కండువా అయినా వేసుకోకుండా ఎక్కడికండీ? బడికా? ఈ వేళప్పుడు బడిలో ఎవరుంటారండీ!”