ఆరు ఆదివారాల చీటీలు

కుట్టుమిషను ఉన్న చిన్న గది. జంతువుల ఆశ్రమం నుంచి సంచితో వచ్చిన డాక్టరమ్మ. ఆశ్రమం వాళ్ళ కుక్కను ఆరు వారాలుగా తన దగ్గర ఉంచుకున్న దర్జీ.

"ఆ సంచి తెరవకండి డాక్టరమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను, తెరవకండి."

"లే, ముందు పైకి లేమ్మా. నాకు మాత్రం సరదానా? ఎవరో గొలుసేసి కట్టేసి, తిండి పెట్టకుండా పోతే విడిపించి తెచ్చాం. ఎవరైనా పెంచుకునేదాకా నీ దగ్గర ఉంచాం. ఆరు ఆదివారాలు ఆరు చీటీలు పంపావు. గిన్నె దగ్గరికెళ్తే కరవబోయాడు, కరవబోయాడు, కరవబోయాడు. అవి చదివి ఇంత కుక్కని ఎవరు తీసుకెళ్తారు? బోనులు ఖాళీ లేవు. ఇంక శాశ్వతంగా నిద్రపుచ్చే సూదే."

"అవన్నీ అబద్ధాలండీ."

"ఏంటీ?"

"అబద్ధాలు. మంచోడని రాస్తే ఎవరో ఒకరు తీసుకుపోతారని... గున్న లేకపోతే నాకు తోచదండీ. మిషను తొక్కుతుంటే వచ్చి తొక్కుడు చెక్క మీద గడ్డం ఆనించి పడుకుంటాడు. వాడు లేచేదాకా కుట్టడం ఉండదు. అందరిచేతా తిట్లు తింటున్నాను."

"వాడి ప్రాణం మీదికొస్తుందని తెలీదూ?"

"సూది వేస్తారని నాకేం తెలుసండీ!"

"మరి ఆ కుడిచేతికి కట్టేంటి?"

"ఇదా? కత్తెర."

"కత్తెర పట్టేదీ కుడిచేత్తోనే కదే?"

"జారి పడిందండీ. పట్టుకోబోయాను."

"ఊఁ. వాడి గిన్నెలో కాస్త అన్నం వెయ్యి. నేనే చెయ్యి పెట్టి చూస్తా."

"ఇప్పుడే తిన్నాడండీ. ఇప్పుడే. కడుపు చూడండి. ఇదిగో, చెవి లాగుతున్నా. తోక లాగుతున్నా. ఉలకడు, పలకడు. గున్నా, డాక్టరమ్మకి చెయ్యివ్వరా. చూశారా? చూశారా!"

"అబ్బో, ఎంత బరువురా నీ చెయ్యి! ఒరేయ్, ముఖం నాకకురా, నా కళ్ళజోడు..."

"బంగారమండీ వీడు."

"పిచ్చిదానా, ఎంత పని చేశావు! నేను అడక్కుండా సూది వేసేసి ఉంటే?"

"నాకే ఇచ్చెయ్యండి డాక్టరమ్మా."

"నీకా? కుక్కో ఇల్లో తేల్చుకోమని ఇంటావిడ నెలాఖరు దాకా గడువిచ్చిందన్నావుగా. ఏడవకు. పెద్ద కుక్కే కావాలని ఒక మాస్టారు రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. నీ చీటీలు చూసే కాదన్నాను. ఉండు... హలో, మాస్టారూ? ఆఁ, ఉన్నాడండీ. సాయంత్రమే రండి. కరవడండీ, నాదీ పూచీ."

"నిజంగానా? గున్నా, విన్నావా? బతికిపోయావురా నాన్నా, బతికిపోయావు!"

"ఫోన్లో ఆ గంతులు వినబడ్డాయా? ఆయన మనవరాలు. మూడేళ్ళు. కుక్కొస్తే తన పళ్ళెంలోదే పెడుతుందట."

"ఎవరు పెడతారూ?"

"ఆ పాపేనమ్మా. గిన్నె పక్కనే కూర్చుని తన చేత్తోనే తినిపిస్తానని ఒకటే గొడవట. ఏం, వాణ్ణి అలా దగ్గరికి లాక్కుంటున్నావేం? సంతోషం పట్టలేకా? సరే, నే వస్తా. ఆ సంచి ఇలా అందివ్వు."

"డాక్టరమ్మా."

"ఊఁ?"

"సంచి ఇక్కడే ఉంచండి. పొద్దున వాడి గిన్నె తియ్యబోయాను. ఇది కత్తెర గాటు కాదు."