అర్షద్ రాసుకున్న ఒకటి

ఆ, తబస్సుం, నేను బాబూరావు మామని. మాట వినపడుతుందా బిడ్డా? నీ మెసేజ్ ఇప్పుడే చూసిన. కాలనీ గ్రౌండ్ల పిల్లలు తమ తప్పు తామే ఒప్పుకుంటే "అర్షద్ ఒకటి" అంటున్నరు, గదేంది మామా అని అడిగినవ్ గద. మీ పెద్దనాయన పేరే గది. ఇంట్ల ఎవ్వరు చెప్పలేదా? నీకు ఊహ తెల్వకముందే కామెర్లయి పాయె మనిషి.

మీ తాత అహ్మద్ పాషా మణుగూరుల పరుపులు కుడుతుండె. పాత దూది పిడికెడు గూడ కొత్త పరుపుల పెట్టడు. "కలుపు పాషా భాయ్, లోపలిది ఎవడు చూస్తడు" అంటే, "నేను చూస్త గద" అనేటోడు. ఇగ అర్షదేమో ఆఫీసర్ల గెస్ట్‌హౌస్‌ల పరుపులు దింపవొయి ఆ గోల్ఫ్ చూసిండు. ఓసారి కొట్టి చూస్తనని కర్ర పట్టిండు, బంతి పొయ్యి అవతల మద్దిచెట్లల్ల పడ్డది. "ఎక్కడ నేర్చినవయ్యా?" అని సాబ్ పరేషాన్. "దూది కొట్టినట్టే కొట్టిన సార్" అన్నడంట. గట్ల షురువై, హైద్రాబాద్ పాయె, ప్రొఫెషనల్ ఆయె, బెంగుళూరు, కలకత్తా, మలేషియా దాక ఆడొచ్చిండు. ఆయన్ని చూసే గద ఇయ్యాల మన దుమ్ముగూడెం దిక్కు పిల్లలు గూడ కర్రలు పట్టింది.

ఏం చెప్తున్న? ఆ, పేపర్ల పడ్డది. పెద్ద పోటీల అర్షద్ తనకు తానే ఒక దెబ్బ ఎక్కువ రాసుకున్నడు, ఒక్క దెబ్బ తేడాతోని ఓడిండు అని. చాయ్ హోటల్ కోటేష్ ఒకటే నవ్వుడు. "దొంగలెక్క రాసి గూడ ఓడిపోయిండు సూడుండ్రి, మొగోడు!" మాకేం తెలుసు బిడ్డా, క్రికెట్ తప్ప? ఎక్కువొస్తేనే గెలుపు మాకు.

మీ తాత నా దగ్గరికి ఉరికొచ్చి, అర్షద్‌కు ఫోన్ కలపమన్నడు. నాది ఎస్‌టీడీ బూత్ గద అప్పుడు. "ఒకటి ఎక్కువ రాసుకున్నవంట?" "అవ్ అబ్బా. కర్ర తగిలి బంతి జర కదిలింది." "ఎవరన్న చూసిండ్రా?" "ఎవ్వరు చూడలే, గని..." మీ తాత టక్కున ఫోన్ పెట్టేసిండు. ఇగ కొడుకుతోని మాటల్లేవ్. పండుగకొస్తే మొఖం అటు తిప్పుకొని కూసునుడు. అర్షద్‌కేమో, ఓడిపోయినందుకే అబ్బా కోపం చేసిండని రంది.

రెండేండ్లకేమో అర్షద్ అదే పోటీ గెలిసిండు. నేనే పేపర్ పట్టుకపోయిన, మీ తాత కుడుతున్నడు. "ఏంది పాషా భాయ్, రెండోటోనికి మనోని కంటే ఎక్కువున్నయ్, మనోడెట్ల గెలిసిండు?" సూది ఆగింది. "మళ్ల సదువు." సదివిన. కింద రాసిండ్రు, తక్కువ దెబ్బలు కొట్టినోడే గెలుస్తడని. "అంటే బాబూరావ్... ఒకటి ఎక్కువ రాసుకున్నోడు?" "మునుగుతడు భాయ్."

గంతే, మీ తాత లేసిండు. బూరుగు దూది తెచ్చి, తనే ఏకి, పరుపు కుట్టి హైద్రాబాద్ బస్సు మీదికెక్కిచ్చిండు. అందినంక మీ తాతే బూత్‌కొచ్చి అర్షద్‌కు ఫోన్ చేసిండు. "అబ్బా, గింత మెత్తగుంటే పొద్దున లేవబుద్ధైతలేదు." "లేవకు. పండుకో." మళ్ల మీ తాతే, "అరే, ఆనాడు ఎవ్వరు చూడలే, గని... అన్నవ్. గని ఏంది?" అని అడిగిండు.

బూత్ చిన్నది గద, నాగ్గూడ వినొచ్చింది.

"నేను చూసిన గద అబ్బా."

మీ తాత ఫోన్ పెట్టలే. మీటర్ తిరుగుతనే ఉన్నది. నేనటు చూడలే...

ఆ... సరే బిడ్డా, గ్యాస్ బండొచ్చింది.