ఎడమ సీటు

ఆదివారం పొద్దున. ఇంటి వెనక రేకుల షెడ్డు. రాళ్లలో, ఇసుకలో పందేలకి వెళ్లే జీపు కింద బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చనిపోయిన భార్య తమ్ముడు పక్కన చతికిలబడి పనిముట్లు అందిస్తున్నాడు.

“పద్నాలుగో నంబరు పానా అడిగితే పన్నెండు ఇస్తావేంరా?”

“చూసుకోలేదు బావా. ఇదిగో.”

“ధ్యాసెక్కడ పెట్టావు?”

“ఇక్కడే ఉంది. ముందు చక్రాల షాక్ అబ్జార్బర్లు రెండూ కొత్తవేనా?”

“కొత్తవే. పైన పైపుల చట్రం కూడా కోయించి మళ్లీ కట్టించా. వంగిపోయిందిగా.”

“ఊఁ.”

“మూడు పల్టీలు కొడితే వంగదా మరి.”

“అదిప్పుడెందుకు బావా?”

“ఎందుకేమిటి? ఏడాదిగా నా ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు. జీపుతో కూడా చెప్పుకోకూడదా?”

“సరే... వచ్చే ఆదివారమేగా పందెం?”

“అవును.”

“ఎడమ సీట్లో ఎవరు?”

“దొరుకుతాడు ఎవడో ఒకడు. దారి పుస్తకం చదవడం వస్తే చాలు.”

“నేను కూచుంటా.”

“నువ్వా? బస్సెక్కితే కిటికీ పక్క సీటు లేకపోతే వాంతి చేసుకునేవాడివి!”

“అక్క నేర్పింది. ‘రెండొందల మీటర్లలో గుంట, దాటగానే కుడి పక్క బండ.’ అన్నీ వచ్చు.”

“మీ అక్క అంత మర్యాదగా ఎప్పుడు చదివింది? ‘గుంట వస్తోంది, కళ్లు నెత్తికెక్కాయా?’ అనేది. నేను విసుక్కుంటే, ‘స్టీరింగు నీది, నోరు నాది’ అనేది.”

“నవ్వకు బావా.”

“నవ్వక ఏం చెయ్యను? పదకొండేళ్లు ఆ నోటికే బండి తిప్పాను. ఇప్పుడు కూరగాయలకి వెళ్తున్నా ఏ సందులో తిరగాలో తోచడం లేదు.”

“అందుకే నేనెక్కుతానంటున్నా.”

“మీ అమ్మకి చెప్పావా?”

“అమ్మకెందుకు?”

“ఎందుకా? మొన్న మందుల షాపు దగ్గర నన్ను చూసి, కొనుక్కున్న మందులు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. నేనే నీకు ఫోన్ చేస్తే నువ్వొచ్చి పట్టుకెళ్లావు. ఇప్పుడు నిన్ను కూడా ఎక్కించుకుంటే ఆవిడ బతుకుతుందా?”

“అమ్మ ఎన్నన్నా తల వంచుకుంటావేం? ఒక్క మాటైనా ఎదురు చెప్పవేం?”

“ఏం చెప్పను? సీటు బెల్టు ఊడింది, మనిషి బయట పడింది. జీపు నాది. బయల్దేరే ముందు ఒక్కసారి లాగి చూసుంటే సరిపోయేది. చూళ్లేదు.”

“అది నీ...”

“సరేలే, పని కానీ. ఎడమ బెల్టుకి కింది బోల్టు నువ్వు బిగించు. ఇదిగో పానా.”

“నేనా?”

“ఇంకెవరున్నారిక్కడ?”

“వద్దు బావా. తర్వాత నువ్వే బిగించుకో.”

“నా చేతులు ఖాళీ లేవు. నాలుగు తిప్పులు, అంతే.”

“నావల్ల కాదు.”

“పానా పట్టుకోవడం నీవల్ల కాదా?”

“బావా, ఒకసారి బయటికి రా.”

“ఎందుకు?”

“నీ ముఖం చూసి చెప్పాలి.”

“ఇక్కడికి వినపడుతుంది. చెప్పు.”

“పందేనికి రెండు రోజుల ముందు నేను ఇల్లు మారాను, గుర్తుందా? నువ్వు డ్యూటీకెళ్లావు. సామాన్లు వేసుకోమని అక్క ఈ జీపు తాళాలిచ్చింది.”

“ఊఁ.”

“బీరువా జీపులో పట్టలేదు. ఎడమ సీటు తీశాను. బెల్టు కూడా తీశాను.”

“ఊఁ.”

“మళ్లీ పెట్టాను బావా! సీటు గట్టిగానే బిగించాను. బెల్టు బోల్టే... వేళ్లతో తిప్పి పెట్టాను. పానా తెచ్చుకుందామని లేచానో లేదో ఫోనొచ్చింది. కొత్తింట్లో నీళ్లు రావడం లేదని. ఆ గోలలో పడి... మర్చిపోయాను. మర్చిపోయాను బావా. నీ తప్పు కాదు. నేను. నేనే. వింటున్నావా బావా?”

“వింటున్నా. అయిపోయిందా?”

“తిట్టు. కొట్టు. ఏదో ఒకటి అను.”

“ఏడాది పట్టిందిరా నీకు.”

“అంటే?”

“నువ్వే చెప్తావని చూశాను. పుండుకి మందు రాసినట్టు రోజూ వచ్చి ఈ జీపు తుడుస్తావు, ఎడమ పక్కకి మాత్రం వెళ్లవు.”

“నీకు... తెలుసా?”

“విరిగిన జీపు ఇంటికి తెచ్చిన రోజే తెలుసు. నేను బిగిస్తే బోల్టు కింద రెండు వాషర్లు వేస్తాను. ఎడమ బెల్టు బోల్టు దగ్గర ఒక్కటీ లేదు. సీటు వెనక బీరువా గీరిన గీతలున్నాయి.”

“అందుకేనా మూడు నెలలు నా ఫోన్ ఎత్తలేదు?”

“ఎత్తితే ఏమంటానో నాకే తెలీదు. నీ గొంతు పిసికెయ్యాలనిపించింది. అబద్ధమెందుకు. తర్వాత ఒకరోజు నువ్వు గేటు దగ్గర నుంచుని ఉంటే... నీ నుదురు అచ్చం మీ అక్కదే.”

“బావా...”

“ఏడిస్తే ఏడువు. ఇక్కడ ఎవరూ చూడరు.”

“మరి అంత్యక్రియల రోజు అమ్మ అందరి ముందూ నీ చొక్కా పట్టుకుని, ‘నా పిల్లని నువ్వే చంపావు’ అని నిలదీస్తే ‘అవునత్తయ్యా’ అన్నావే! అప్పటికే తెలుసా నీకు? తెలిసే అన్నావా?”

“తెలిసే అన్నాను. నువ్వు ఆవిడ వెనకే నుంచున్నావురా, ఆవిడ పడిపోకుండా పట్టుకుని. అల్లుణ్ణి అసహ్యించుకుని ఆవిడ బతకగలదు. ఆ పూట ఆవిడకి మిగిలింది నువ్వొక్కడివే.”