జాకీ పైపులకు నేను కట్టిన చీటీలు

"అవ్వా, తాత మట్టి తోడే బండిని ఇంటికాడనే రిపేరీ చేసినాడంట గదా?"

చేసినాడమ్మా. మదనపల్లె కాడ అంగళ్లు కాలేజీలో ఇంజినీరింగు చదవతాండావు, నీకు తెలియాల్సిందే. కూసో, నిదానంగా చెప్తాను.

తొంభై ఎనిమిదో, తొమ్మిదో. అప్పుడు పుంగనూరులో ఉంటిమి, నేను బడిలో టీచరు. కుప్పంలో ఎవురో అమ్ముతాంటే పాత బండి తెచ్చినాడు మీ తాత. ముందర తొట్టి, ఎనకాల మట్టి తోడే ఇనుప చెయ్యి. ఆ చెయ్యిని పక్కలకు తిప్పేదానికి ఎడమొకటి, కుడొకటి ఆయిలు బలంతో తోసే రెండు జాకీలుంటాయి. సూడు, ఈ గ్లాసు చెయ్యి అనుకో, ఈ రెండు స్పూన్లు జాకీలు. ఒకటి తోస్తే ఇంకోటి లాగతాది. వాట్లో ఆయిలు కారిపోయి చెయ్యి తిరగకుండా నిలిచిపోయింది. మదనపల్లెలో లేతు షాపుకు పోయి జాకీలో ఏసే ఇత్తడి కడియం, బుష్షంటారే, అది చేయించుకొచ్చినాడు. ఆ లేతు ఆయన మా చిన్నమ్మ ఆడబిడ్డ కొడుకే, మిరపకాయ బజ్జీలంటే పడిచస్తాడు... ఏం చెప్తాంటిని? ఆఁ, పైపులు.

జాకీలకు ఆయిలు పోయే పైపులు అటుదిటు మారితే చెయ్యి ఎదురు పక్కకు తిరగతాది. అవి ఊడదీసే ముందర, "టీచరమ్మా, ఏ పక్క పైపు ఏదో చీటీ రాసి కట్టు" అన్నాడు. నేను బండి ఎనకాల నిలబడుకోనుండాను. చెయ్యి నడిపే మనిషి సీటు ఎనక్కి తిప్పుకొని కూసుంటాడు, అంటే నాకు ఎదురుగా. ఆయన ఎడమ నాకు కుడి, అర్థమైందా? పిల్లోళ్లకు ఎదురుగా నిలబడి చెప్పి చెప్పి, వాళ్ల కుడిచెయ్యి యాడుంటాదో నాకు అలవాటే. అందుకని సీట్లో మనిషి లెక్కనే రాస్తిని. ఆ మాట మీ తాతకు చెప్పలా.

మూడోనాడు అంతా బిగించినాడు. మా చెల్లెలు సరోజ, అదే మీ చిన్నవ్వ, బండికి పసుపు కుంకం పెట్టింది. "చెయ్యి కుడికి తిప్పతాను, అందురూ ఎడమకు పోండి" అన్నాడు మీ తాత. పళ్లెం పట్టుకోనుండే సరోజను ఆయనకు ఎడమ పక్క గోడకు ఆనిచ్చి నిలబెట్టింది నేనే.

లివరు తోసినాడు. చెయ్యి ఎడమకొచ్చిందమ్మా.

సరోజ గోడ ఎంబడి జారి కిందికి కూలబడింది. దాని తలకాయ ఉండిన చోట చెయ్యి కొననుండే ఇనుప బొక్కెన గోడలోకి దిగబడింది. ఇటుకలు దాని ఒళ్లో పడినాయి. అది ఏడవనన్నా ఏడవలా. ఒళ్లో ఇటుకలు ఒక్కోటే తీసి, పక్కన వరసగా పేరస్తాండాది.

ఇంజను ఆపి మీ తాత దిగినాడు. పైపులకుండే చీటీలు తిప్పి సూసి, "నువ్వు నీ ఎడమ రాసినావనుకొని మార్చి బిగిస్తినే" అన్నాడు.

"నీ ఎడమే రాస్తిని" అన్నాను.

నాకోసరం ఆయన మార్చినాడు, ఆయనకోసరం నేను మార్చినాను. ఒగరినొగరు అడగలా. అప్పుటికి పదహారేండ్ల కాపురం మాది.

గోడ మళ్లా కట్టుకుంటిమి. సరోజ ఈ పొద్దుటికీ నన్ను ఒక్క మాట అనలా. అనుంటే బాగుండు.

నువ్వు మిషన్ల మధ్య బతకబోయేదానివి. ఎదుటోళ్ల మనసులో ఉండేది తెలుసులే అనుకోబాకు తల్లీ, అడుగు. నోరు తెరిచి అడిగితే పోయేదేముండాది... సల్లంగుండు.